గోదావరి పుట్టిన గడ్డపై ద్రాక్ష కోతలు.. అటు వాన, ఇటు ఎండ

త్ర్యంబకేశ్వరం కొండల్లో పుట్టిన గోదావరి నాసిక్‌ నగరానికి చేరేలోపు గంగాపూర్‌ జలాశయంలో నిలుస్తుంది. ఆ జలాశయం ఒడ్డున, దానికి ఉత్తరంగా దిండోరి తాలూకాలో, తూర్పున నిఫాడ్‌ వైపు కనుచూపు మేర ద్రాక్ష తోటలే. వాటిలో కొన్ని మన పండ్ల బజార్లకు వచ్చే ద్రాక్షవి. మరికొన్ని వైన్‌ తయారీకే పెంచే తోటలు. ఈ రెండో రకం తోటల్లో ఏటా జనవరి నుంచి మార్చి వరకు కోతలు సాగుతాయి. ఆ మూడు నెలలూ తోట రైతు, వైన్‌ కర్మాగారం నడిపేవారు ఆకాశాన్ని, ఉష్ణమాపకాన్ని మార్చి మార్చి చూస్తూ గడుపుతారు.

అయితే కోత తేదీ కోతల కాలంలో నిర్ణయమయ్యేది కాదు. అంతకు నాలుగైదు నెలల ముందు, రైతు కత్తెర పట్టిన రోజునే అది చాలావరకు ఖాయమవుతుంది. తొందరపడి కత్తిరిస్తే లేత పూత వానకు చిక్కుతుంది. ఆలస్యం చేస్తే పండే కాయ ఎండకు చిక్కుతుంది. ఈ రెండింటి నడుమ ఒకప్పుడు తగినంత వ్యవధి ఉండేది. ఇప్పుడు వాన వెనక్కి జరుగుతోంది, ఎండ ముందుకు వస్తోంది. నాసిక్‌ ద్రాక్ష రైతుకు వచ్చిపడిన చిక్కు ఇదే.

తినే ద్రాక్ష వేరు, వైన్‌ ద్రాక్ష వేరు

మన ఊళ్లలో ‘వైన్స్‌’ అన్న బోర్డు కింద అమ్ముడయ్యేది ఎక్కువగా బీరు, బ్రాందీ, విస్కీలే. ఇక్కడ చెప్పుకొనే వైన్‌ ద్రాక్ష రసాన్ని పులియబెట్టి తయారుచేసేది. అందులోకి నీళ్లు గానీ, బయటి నుంచి తెచ్చిన సారాయం గానీ కలపరు. పండులో ఉన్న తీపి, పులుపు, తొక్కలోని రంగు, వగరు ఇవే ముడిసరకు. అందుకే తోటలో వాతావరణం చేసిన మేలైనా, కీడైనా సీసాలో కనిపిస్తుంది.

తినే ద్రాక్షకు పెద్ద కాయ, పలుచని తొక్క, గింజ లేకపోవడం మంచి లక్షణాలు. కాయ సాగడానికి జిబ్బరెల్లిక్‌ ఆమ్లం పిచికారీ చేస్తారు. వైన్‌ ద్రాక్షకు ఇవన్నీ తిరగబడతాయి. చిన్న కాయ, మందపు తొక్క, లోపల గింజలు ఉండాలి. తీగను పందిరి మీదికి పాకించకుండా నిలువు తీగల వరుసలకు కట్టి, ఎకరానికి కాపు కావాలనే తగ్గిస్తారు. ఎక్కువ గుత్తులు వదిలితే తూకం పెరుగుతుంది కానీ రసం పలుచబడుతుంది. తినే ద్రాక్షకు 16 నుంచి 18 బ్రిక్స్‌ తీపి చాలు. వైన్‌కు 22 నుంచి 24 వరకు రావాలి. బ్రిక్స్‌ అంటే నూరు పాళ్ల రసంలో తీపి పదార్థం ఎన్ని పాళ్లో తెలిపే కొలత. పులిసినప్పుడు ఒక్కో బ్రిక్స్‌ నుంచి అర శాతానికి కాస్త పైగా ఆల్కహాలు వస్తుంది.

మహారాష్ట్రలో ఆధునిక వైన్‌ తయారీ పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో 1980 దశకంలో మొదలైంది. బెంగళూరు సమీపాన నంది కొండల దిగువన గ్రోవర్‌ కుటుంబం ఫ్రెంచి రకాలు నాటిందీ ఆ దశకంలోనే. నాసిక్‌ వంతు తరువాత వచ్చింది. అమెరికాలో చదివి తిరిగివచ్చిన రాజీవ్‌ సామంత్‌ గంగాపూర్‌ జలాశయం దగ్గర కుటుంబ భూమిలో సావిన్యోఁ బ్లాఁ, షెనాఁ బ్లాఁ అనే తెల్ల ద్రాక్ష రకాలు నాటించారు. ఆయన స్థాపించిన సులా సంస్థ తొలి వైన్‌ 2000లో వచ్చింది. మరుసటి ఏడాది, 2001లో, మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి పరిశ్రమ విధానం ప్రకటించి రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైన్‌కు ఎక్సైజు సుంకం నుంచి మినహాయింపు ఇచ్చింది. నిఫాడ్‌ తాలూకా వించూర్‌లో వైన్‌ పార్కు ఏర్పడింది. తినే ద్రాక్షలో ఆరితేరిన రైతులు పక్కనే ఉండటంతో పరిశ్రమ అక్కడే నిలదొక్కుకుంది.

ఒకే కాపుకు రెండు కత్తిరింపులు

చలి దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో తనంతట తానే చిగురించి, ఎండాకాలమంతా పెరిగి, చలి మొదలయ్యే వేళకు పండుతుంది. మన ఉష్ణ మండలంలో తీగకు ఆ నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడుగునా ఆకులు వేస్తూనే ఉంటుంది. దాన్ని దారికి తెచ్చేది కత్తెరే.

ఏప్రిల్‌లో, కోతలు ముగిశాక, మొదటి కత్తిరింపు. దీన్ని పునాది కత్తిరింపు అనవచ్చు. పాత కొమ్మలన్నిటినీ మొదలు దాకా కోసేస్తారు. దాని తరువాత వచ్చే కొత్త కొమ్మల్లో, మొగ్గల లోపల, వచ్చే ఏటి గుత్తులు కంటికి కనిపించని దశలో రూపుదిద్దుకుంటాయి. కత్తిరింపు తరువాత 40వ రోజు నుంచి 60వ రోజు వరకు ఈ పని ముమ్మరంగా జరుగుతుంది. ఆ రోజుల్లో మంచి ఎండ కాయాలి. మబ్బు పడితే మొగ్గ గుత్తిగా మారాల్సింది పోయి నులితీగగా మిగులుతుంది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండో కత్తిరింపు. ఇది కాపు కోసం. వానలు తగ్గాయని నమ్మకం కుదిరాక కొమ్మలను కొన్ని కణుపుల మేర ఉంచి కోస్తారు. మొగ్గలన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్‌ సైనమైడ్‌ మందు పూస్తారు. అక్కడి నుంచి లెక్క మొదలు. తెల్ల రకాలు సుమారు నాలుగు నెలలకు, షిరాజ్‌, కాబెర్నే వంటి నల్ల రకాలు అయిదు నెలల దరిదాపుకు కోతకు వస్తాయి. హైదరాబాద్‌ చుట్టుపక్కల ద్రాక్ష పండించినవారికి ఈ రెండు కత్తిరింపుల పద్ధతి కొత్త కాదు. మన రైతులు దశాబ్దాలుగా చేస్తున్నదే.

చలి నుంచి ఎండలోకి పండే పంట

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఫ్రాన్సులో కాయ పండే కొద్దీ వాతావరణం చల్లబడుతుంది. నాసిక్‌లో కాయ పండే కొద్దీ వేడెక్కుతుంది. జనవరిలో నాసిక్‌ రాత్రులు పది డిగ్రీల దరిదాపుకు దిగుతాయి. నిఫాడ్‌లో చలిగాలులు వీచిన రోజుల్లో ఇంకా బాగా తగ్గుతుంది. మార్చి వచ్చేసరికి పగలు 35 డిగ్రీలు. సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండటమే నాసిక్‌కు చలి రాత్రులను ఇచ్చింది. ఆ రాత్రులు ఎన్ని ఉంటే వైన్‌కు అంత మేలు.

కారణం పులుపు. ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలు ఉంటాయి. ఒకటి టార్టారిక్‌ ఆమ్లం, మన చింతపండు పులుపు అదే. రెండోది మాలిక్‌ ఆమ్లం, యాపిల్‌ పండులో ఉండేది. పండే దశలో కాయ తన శ్వాసక్రియకు మాలిక్‌ ఆమ్లాన్ని ఖర్చు చేసుకుంటుంది. రాత్రి చల్లగా ఉంటే ఖర్చు తక్కువ, వేడిగా ఉంటే ఎక్కువ. వేడి ముదిరితే తీపి త్వరత్వరగా పెరిగి, పులుపు అంతకంటే త్వరగా పడిపోతుంది. తొక్కలో రంగు, గింజలో పక్వం మాత్రం ఆ వేగాన్ని అందుకోలేవు. అంటే తీపి లెక్కన పండు సిద్ధం, రుచి లెక్కన ఇంకా పచ్చి. అలాంటి పండుతో చేసిన వైన్‌ ఘాటుగా, చప్పగా ఉంటుంది. బయటి నుంచి టార్టారిక్‌ ఆమ్లం కలిపి సరిచేసే వీలుంది, వేడి ప్రాంతాల్లో అది మామూలే. కానీ పండులో నిలిచిన పులుపుతో అది సాటిరాదని తయారీదారులే ఒప్పుకుంటారు.

ఫ్రాన్సులోని బోన్‌ పట్టణంలో ద్రాక్ష కోత మొదలైన తేదీల వివరాలు 1354 నుంచి 2018 వరకు దొరికాయి. పరిశోధకులు వాటిని క్రోడీకరించి 2019లో ప్రచురించారు. 1987 వరకు కోతలు సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేవి. 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకు జరిగాయి. అక్కడ తీగ తనంతట తాను పండుతుంది కనుక కోత తేదీయే ఉష్ణమాపకం. నాసిక్‌లో అలా చెప్పలేం. తేదీని మనిషి కత్తెర నిర్ణయిస్తుంది. వాతావరణం మారిన సంగతి తేదీలో కాకుండా రైతు పడే ఇబ్బందిలో బయటపడుతుంది.

తెల్లవారక ముందే కోత

కోతకు రెండు వారాల ముందు నుంచే తోటలో పరీక్షలు మొదలవుతాయి. వరుసల్లో అక్కడక్కడా వంద కాయల దాకా కోసి, పిండి, రిఫ్రాక్టోమీటరు అద్దం మీద ఒక చుక్క వేసి బ్రిక్స్‌ చూస్తారు. ఆమ్లం, పీహెచ్‌ కొలుస్తారు. ఇంతా చేసి చివరకు నోట్లో వేసుకుని నమలడమే అసలు పరీక్ష. గింజ పచ్చగా ఉండి నాలుకకు వగరు తగిలితే ఇంకా ఆగాలి. గోధుమ రంగుకు తిరిగి పటుక్కున విరిగితే సిద్ధమైనట్టు.

కోత చేతితోనే. పేఠ్‌, సుర్గాణా వంటి కొండ తాలూకాల నుంచి గిరిజన కూలీలు కుటుంబాలతో సహా వస్తారు. చీకటి ఉండగానే, తలకు దీపాలు కట్టుకుని పనిలోకి దిగడం పరిపాటి. ఎండ ఎక్కేలోపు గుత్తులు ప్లాస్టిక్‌ పెట్టెల్లో సర్ది కర్మాగారానికి చేరాలి. పెట్టెను మరీ లోతుగా నింపరు, పైబరువుకు అడుగు కాయలు చితికితే రసం అక్కడే పులవడం మొదలవుతుంది. కర్మాగారంలో ఏరివేత బల్ల మీద ఆకులు, కుళ్లు కాయలు తీసేసి, యంత్రంలో తొడిమలు విడదీస్తారు. తెల్ల ద్రాక్షను వెంటనే పిండి రసం మాత్రమే చల్లని స్టీలు ట్యాంకుల్లోకి పంపి, 12 నుంచి 18 డిగ్రీల మధ్య నెమ్మదిగా పులియనిస్తారు. నల్ల ద్రాక్షను తొక్కతో సహా పులియబెడతారు. ఎర్ర రంగంతా తొక్కలోంచి దిగాల్సిందే. అక్కడ 24 నుంచి 30 డిగ్రీల వేడి పనికొస్తుంది.

35 డిగ్రీల మధ్యాహ్నం కోసిన పండును 15 డిగ్రీలకు చల్లార్చాలంటే ఎంత విద్యుత్తు కావాలో ఊహించవచ్చు. తెల్లవారుజామున కోస్తే ఆ పని సగం రాత్రి చలే చేసిపెడుతుంది. మరో చిక్కు కూడా ఉంది. ఎండలు ముందుగా వస్తే తెల్ల రకాలు, నల్ల రకాలు ఒకదాని వెంట ఒకటి పండకుండా ఒకేసారి కోతకు వస్తాయి. కర్మాగారంలో ట్యాంకులు ఖాళీ ఉండవు. లారీ గేటు ముందు ఆగిపోతుంది. తోటలో పండు ఎండకు వడలి ముడుచుకుపోతుంది. తూకం తగ్గితే నష్టం ఎవరిదో చెప్పనక్కరలేదు.

వాన ఏం చేస్తుంది?

అక్టోబరు కత్తిరింపు తరువాత లేత గుత్తి, పూత ఉన్న రోజుల్లో రెండు రోజులు ముసురు పట్టినా బూజు తెగులు దిగుతుంది. రాత్రికి రాత్రి ఆకు అడుగున తెల్లని పొర కడుతుంది, పూత మాడి రాలిపోతుంది. వాన వెలిసిన గంటల్లోనే మందు పడాలి. నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడిపోతుంది కనుక సరిగ్గా అప్పుడే మందు కొట్టడం కుదరదు. పోయిన గుత్తి ఆ ఏటికి మళ్లీ రాదు. అప్పటికే ఏప్రిల్‌ నుంచి పెట్టిన పెట్టుబడంతా తోటలోనే ఉంటుంది.

కోతల ముందు వాన పడితే కథ మరోలా ఉంటుంది. కాయ నీరు పీల్చుకుని తీపి పలుచబడుతుంది, కొన్ని కాయలు చిట్లుతాయి, చిట్లిన చోట కుళ్లు చేరుతుంది. బూడిద తెగులుకు గంధకం చల్లుదామంటే, కోత దగ్గరపడ్డాక అదీ కుదరదు. మిగిలిపోయిన గంధకం పులిసే రసంలో కుళ్లిన కోడిగుడ్డు వాసన పుట్టిస్తుంది. వడగళ్లకైతే మందే లేదు.

ఇవన్నీ ఊహలు కావు. 2009 నవంబరులో ఫ్యాన్‌ తుపాను మహారాష్ట్ర తీరాన్ని తాకినప్పుడు కురిసిన వానలకు ద్రాక్ష తోటల్లో బూజు తెగులు విరుచుకుపడింది. 2014 ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు ఆ రాష్ట్రంలో వరుసగా వడగళ్లు కురిశాయి. అది సరిగ్గా కోతల కాలం. 2019లో దేశం నుంచి రుతుపవనాల ఉపసంహరణ అక్టోబరు 9న గానీ మొదలుకాలేదు. నమోదైన వాటిలో అదే అత్యంత ఆలస్యం. ఆ అక్టోబరు, నవంబరు వానల్లో నాసిక్‌ జిల్లాలో ముందుగా కత్తిరించిన తోటలు దెబ్బతిన్నాయి. 2023 నవంబరు 26న నిఫాడ్‌ ప్రాంతాన్ని వడగళ్లు కొట్టాయి. 2025లో రుతుపవనాలు మే 26కే ముంబయి చేరాయి. మొగ్గలో గుత్తి రూపుదిద్దుకోవాల్సిన రోజుల్లో ఆకాశం మబ్బు పట్టింది. అంటే దెబ్బ ఒక్క కోతల కాలానికో, పూత కాలానికో పరిమితం కాలేదు. ఏడాదిలో తీగకు అక్కరలేని చోటల్లా వాన పడుతోంది.

భారత వాతావరణ శాఖ 2020లో రుతుపవనాల సాధారణ తేదీలను సవరించింది. వాయవ్య రాజస్థాన్‌ నుంచి ఉపసంహరణ మొదలయ్యే తేదీని సెప్టెంబరు 1 నుంచి 17కు మార్చింది. పాత తేదీలు ఇప్పటి వానలకు సరిపోవడం లేదన్నమాట. రెండో కొసన ఎండ సంగతి. 2022 మార్చిలో దేశవ్యాప్త సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 1901 తరువాత ఏ మార్చిలోనూ లేనంత ఎక్కువ. 2023 ఫిబ్రవరి గరిష్ఠ ఉష్ణోగ్రతల్లో అలాంటి రికార్డే నెలకొల్పింది. 2025 ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రతలో దాన్నీ మించింది. వాన భయంతో కత్తిరింపును పదిహేను రోజులు వెనక్కి నెట్టిన రైతు, ఆ పదిహేను రోజులనూ మార్చి ఎండలో చెల్లించుకోవాల్సి వస్తుంది.

రైతు లెక్క

తినే ద్రాక్ష రైతుకు ఒక వెసులుబాటు ఉంది. నాసిక్‌ జిల్లాలోనే బాగ్లాణ్‌ తాలూకా రైతులు జులై, ఆగస్టులోనే కత్తిరించి, అందరికంటే ముందు సరకు తెచ్చి మంచి ధర రాబడతారు. పోతే మొత్తం పోతుంది, నిలిస్తే ధర బాగుంటుంది. తెలిసి ఆడే జూదం అది. వైన్‌ ద్రాక్ష రైతుకు ఆ ముందస్తు ధర లేదు. కర్మాగారంతో ముందే ఒప్పందం ఉంటుంది, బ్రిక్స్‌ను బట్టి ధర కట్టడం ఆనవాయితీ. నిర్ణయించిన తీపి రాకపోతే ధర కోత పడుతుంది లేదా సరకు వెనక్కి వస్తుంది. చిన్న కాయ, గింజ, మందపు తొక్క ఉన్న ఆ ద్రాక్షను పండ్ల బజారులో ఎవరూ కొనరు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాతావరణం వల్ల వచ్చే నష్టం రైతు ఖాతాలోనే పడుతుంది. బేరం ఆడే బలం అతనికి లేదు.

ఒక్క వాతావరణాన్నే నిందించడమూ సరికాదు. 2008 ఆర్థిక మాంద్యం తరువాత అమ్మకాలు పడిపోయి కొన్ని కర్మాగారాలు మూతపడ్డాయి, రైతులకు బకాయిలు మిగిలాయి. చాలామంది వైన్‌ రకాలు పెరికేసి మళ్లీ తినే ద్రాక్షకు మళ్లారు. తోట నాటాక కాపు చేతికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కనుక పెరికే నిర్ణయం అంత తేలిక కాదు. 2009 తుపాను వాన ఆ గాయం మీద పడిందే.

ఏ ఉపాయాలు పనిచేస్తున్నాయి?

రకాలను మార్చడం అన్నిటికంటే నమ్మదగిన ఉపాయంగా కనిపిస్తోంది. షెనాఁ బ్లాఁ వేడిలోనూ పులుపును కొంత నిలుపుకొంటుంది. నల్ల రకాల్లో షిరాజ్‌ ఈ నేలకు బాగా అలవాటుపడింది. కరవును తట్టుకునే డాగ్‌రిడ్జ్‌ వంటి అడవి జాతి వేరు మొక్కల మీద అంటు కట్టడం ఇప్పటికే రివాజు. గుత్తుల చుట్టూ ఆకులు తుంచే పద్ధతినీ మారుస్తున్నారు. ఉదయపు ఎండ పడే వైపు ఆకులు తీసి, పడమటి ఎండ వైపు ఉంచేస్తే కాయ మాడదు. చేతిఖర్చు తప్ప మరే ఖర్చూ లేని పని ఇది.

వడగళ్ల వలలు, ప్లాస్టిక్‌ కప్పులు పనిచేస్తాయి. కానీ వాటి ధర సన్నకారు రైతుకు అందేది కాదు. పైగా కప్పు కింద ఎండ తగ్గుతుంది, గాలి ఆడదు. పుణె సమీపంలోని మాంజరిలో 1997లో మొదలైన జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ప్రాంతాల వారీగా వాతావరణ సూచనలు, ఏ తెగులు వచ్చే అవకాశం ఉందో, ఏ మందు ఎప్పుడు కొట్టాలో రైతులకు తెలియజేస్తోంది. మూడు నాలుగు రోజుల ముందు వాన కబురు తెలిస్తే మందు ముందే కొట్టవచ్చు. అయితే కత్తిరింపు తేదీ నిర్ణయించడానికి కావాల్సింది నాలుగు రోజుల జోస్యం కాదు, నాలుగు నెలలది. దాన్ని అంత కచ్చితంగా చెప్పగలిగేవారు ఇంకా లేరు. అందుకే అనుభవం ఉన్న రైతు తోటంతా ఒకే రోజు కత్తిరించడు. మూడు నాలుగు ముక్కలు చేసి వారం, పది రోజుల తేడాతో కత్తెర పడతాడు. ఒక ముక్క పోయినా మరొకటి మిగులుతుంది.

మన వైపు

ద్రాక్షకు హైదరాబాద్‌ ఒకప్పుడు పెట్టింది పేరు. 1890 ప్రాంతంలో అబ్దుల్‌ బాకర్‌ ఖాన్‌ ఇక్కడ నాటించిన అనాబ్‌-ఎ-షాహీ రకం దక్షిణాది అంతటా పాకింది. ఎత్తులో హైదరాబాద్‌, నాసిక్‌ల మధ్య పెద్ద తేడా లేదు. కానీ హైదరాబాద్‌ మరింత దక్షిణాన ఉంది, ఇక్కడి శీతాకాలపు రాత్రులకు నాసిక్‌ అంత చలి లేదు. అందుకే ఇది తినే ద్రాక్షకే ఎక్కువ పేరు తెచ్చుకుంది. శామీర్‌పేట, కీసర, మేడ్చల్‌ వైపు తోటలు భూముల ధరలు పెరిగి, బోర్లు ఎండిపోయి చాలావరకు కనుమరుగయ్యాయి. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రంలో మాత్రం తినే రకాలు, రసం రకాలు, వైన్‌ రకాలు పక్కపక్కనే చూడవచ్చు. కాపు చేతికొచ్చే ఫిబ్రవరి నెలలో సందర్శకులను అనుమతిస్తుంటారు. ఆసక్తి ఉన్న రైతులు వైన్‌ ద్రాక్ష గుత్తిని చేతిలోకి తీసుకుని, ఒక కాయ నమిలి, గింజ రంగు చూసి రావచ్చు.